నొప్పి పోయిన కాలు

ఎలా ఉన్నారని అడిగినవారికి మీరు చివరిసారిగా నిజం చెప్పింది ఎప్పుడు? ‘దేవుని కృప, బాగున్నాం’ అనే జవాబును పక్కన పెట్టి చెప్పండి.

మాది ఆళ్లగడ్డ. మా సంఘంలో ఆ జవాబు తప్ప మరొకటి వినబడదు. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న మనిషి కూడా చర్చి మెట్ల దగ్గర అదే అంటాడు. చెడును నోటితో ఒప్పుకుంటే అది స్థిరపడిపోతుందనీ, మంచిని ముందే పలికితే అది వచ్చి తీరుతుందనీ మాకు నేర్పారు. మా నాయనకు షుగరు ఉందని తెలిసిన రోజున అమ్మ అన్న మాట ఇదే: “ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దు.” నాయన కొన్నాళ్లు మాత్రలు వేసుకుని, విశ్వాసానికి గుర్తుగా మానేశాడు. ఆ నిర్ణయాన్ని అందరూ మెచ్చుకున్నారు.

నేను నంద్యాలలో డిగ్రీ చదువుతూ కళాశాల డిబేట్లలో మాట్లాడేదాన్ని. వాదించే ముందు పదానికి అర్థం తేల్చుకోవాలన్నది అక్కడి మొదటి పాఠం. ‘స్వస్థత’ అనే పదానికి అర్థం తేల్చుకోవాలని మా ఇంట్లో గాని, మా సంఘంలో గాని ఎవరికీ తోచలేదు.

నాయన బేల్దారి. ఊళ్లో ఎన్నో ఇళ్ల గోడలు ఆయన కట్టినవే. ఒకనాడు పని దగ్గర సెంట్రింగు చెక్కకున్న మేకు చెప్పును చీల్చుకొని పాదంలో దిగింది. పుండు పడింది. నడవడానికే ఇబ్బంది పడేవాడు. అప్పుడు సువార్త కూటాలకు వచ్చిన బోధకుడొకడు పాదానికి నూనె రాసి ప్రార్థించాడు. మెల్లగా నొప్పి పోయింది. పుండు మానలేదు, నొప్పి మాత్రం పోయింది. ఆ రెండింటికీ తేడా ఉందని ఎవరూ అనుకోలేదు.

ఇంటి ముందు షామియానా వేసి కృతజ్ఞత కూడిక పెట్టారు. పరీక్షల వల్ల నేను వెళ్లలేకపోయాను. ఫోనుకు వీడియో పంపారు. అందులో నాయన మైకు పట్టుకుని సాక్ష్యం చెబుతూ, “ఇదో, ఈ కాలే!” అంటూ పాదాన్ని నేలకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. జనం చప్పట్లు చరిచారు.

సెలవులకు ఇంటికి వెళ్లేసరికి నాయన ఇంట్లో కూడా సాక్సులు వేసుకుని తిరుగుతున్నాడు.

“నాయనా, ఆ సాక్సు తియ్యి.”

“ఎందుకు మ్మే?”

“వాసనొస్తాంది.”

“సిమెంటులో నిలబడినోని కాళ్లు మల్లెపూల వాసనొస్తాయా?”

నేనే తీశాను. మేకు దిగిన చోట వేలు పట్టేంత గుంట ఉంది. చుట్టూ చర్మం నల్లబడింది. పక్కన గట్టిగా నొక్కాను. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు.

“చూస్తివా? నొప్పి ల్యా. నొప్పే ల్యాకపోతే ఇంగ రోగం యాడిది?”

“ఆస్పత్రికి పోదాం పా నాయనా.”

“అంతమంది ముందర బాగైందని చెప్పినా. ఇప్పుడు పోయి మంచమెక్కితే మాట నాకు రాదు మ్మే, దేవునికొస్తాది.”

అమ్మ వంటింట్లోంచే అంది: “నీ డిబేట్లన్నీ నంద్యాల్లో పెట్టుకో. ఈడ మంచి మాట పలుకు.”

దేవుని పరువును ఒక బేల్దారి పాదం మీద నిలబెట్టినవారే దాన్ని దించాలి. కాబట్టి మా సంఘ కాపరి ఇంటికి వెళ్లాను.

“అయ్యగారూ, మీరొక్క మాట చెప్తే నాయన ఆస్పత్రికి వస్తాడు.”

“నేను చెప్తే ఆయన సాక్ష్యాన్ని నేనే కొట్టేసినట్లయితాది కదమ్మా. నువ్వు పాజిటివ్‌గా ఉండు. నీ అనుమానమే ఆయన స్వస్థతకు అడ్డం పడతాండాదేమో చూసుకో.”

ఆయన బల్ల మీద మంచినీళ్ల గ్లాసు పక్కన బీపీ మాత్రల అట్ట ఉంది. నేను దాన్ని చూడడం ఆయన చూశారు.

“అది వేరే,” అన్నారు.

ఎందుకు వేరో వివరించలేదు. డిబేటులో అయితే ఆ జవాబుతోనే నేను గెలిచేదాన్ని. అయ్యగారి వరండాలో గెలుపు దేనికీ పనికిరాదు. ఇంటికి వచ్చి మళ్లీ బతిమాలాను. నాయన వినలేదు.

కొన్నాళ్లకు పని దగ్గర చలిజ్వరంతో కూలబడితే, తోటి పనివాళ్లు ఆయనను నంద్యాల ఆస్పత్రికి తీసుకొచ్చారు. షుగరు వల్ల పాదంలో నరాలు చచ్చిపోయాయని, అందుకే నొప్పి తెలియలేదని, తెలిసి ఉంటే ఇంత ముదరకముందే వచ్చేవారని డాక్టరు చెప్పింది. అంటే మేము షామియానా వేసి, మైకు పెట్టి, చప్పట్లు చరిచి స్తుతించింది చచ్చిపోయిన నరాలను. పాదం ముందు సగం తీసేశారు.

వార్డుకు ఆళ్లగడ్డ నుంచి సంఘ పెద్ద ఒకాయన కమలాపండ్లు పట్టుకొని వచ్చాడు.

“వందనాలన్నా. ఎట్లుండావ్?”

“బాగల్యాప్పా.”

నేను పుట్టినప్పటి నుంచి నాయన నోట ఆ మాట వినలేదు. పెద్దాయనా విన్నట్లు లేడు. కంగారుపడ్డాడు.

“అట్లనకూడదన్నా. విశ్వాసంతో పలకల్ల. ఒక పాట పాడుకుందామా?”

“పాట తర్వాత పాడుదువు గాని, ముందు ఈడ కూర్చో. ల్యాని వేళ్లు నొప్పి పెడతాండాయప్పా. ఉన్నన్నాళ్లూ నోరు మూసుకునుండి, పోయినాక అరస్తాండాయి.”

పెద్దాయన నవ్వాలో వద్దో తెలియక మంచం అంచున కూర్చున్నాడు. నాయనే నవ్వాడు.

ఆశాభావం అనే పదానికి నాకు తెలిసిన అర్థం ఆ నవ్వే. ఉన్నది ఉన్నట్లు చెప్పి, పక్కన మనిషిని కూర్చోబెట్టుకుని, ఆపైన నవ్వాలని ఎంచుకోవడం. మనం మొక్కే ప్రభువు, తాను చావు నుంచి లేపబోతున్న స్నేహితుని సమాధి ముందు కూడా కన్నీళ్లు దాచుకోలేదు. తన దుఃఖాన్ని శిష్యులకు చెప్పి, తోడుగా మెలకువగా ఉండమని అడిగాడు. ఆయనకు లేని బిగింపు ఆయన పేరిట మనకెందుకు?

ఇక్కడితో ఆపగలిగితే ఇది ఊరటనిచ్చే కథ అయ్యేది. నాయన చేతికర్రతో తిరిగి చర్చికి వెళ్లిన ఆదివారం, సాక్ష్యాల సమయంలో చెయ్యెత్తాడు. మైకు ఆయనను దాటి పోయింది. కూడిక అయ్యాక అయ్యగారు దగ్గరికొచ్చి మెల్లగా అన్నారు: “నీది సాక్ష్యం కాదు కదన్నా, ప్రార్థన మనవి. ఇంటికొచ్చి ప్రార్థన చేస్తాలే.” ఇంటికి రాలేదు. నాయన మళ్లీ చెయ్యెత్తలేదు.

అదే ఆదివారం మైకు అందుకున్నది కూలికి పోయే ఒక అక్క. ఎన్నాళ్లుగానో ఉన్న కడుపునొప్పి ప్రార్థనతో పోయిందని చెప్పింది. అందరూ చప్పట్లు చరిచారు. నాయన చేతికర్ర మీద చేతులు పెట్టుకుని ఆమెనే చూస్తున్నాడు. బయట చెప్పులు తొడుక్కుంటుండగా, డాక్టరుకు చూపించుకున్నావా అక్కా అని అడిగాను.

“ఎందుకు పాపా, బాగైంది కదా,” అని వేగంగా వెళ్లిపోయింది. ఆమె ఇంటికి ఇప్పటికీ పోతున్నాను. ఇప్పటికీ అదే జవాబు.

నేను ఒక్కదాన్ని అడిగితే అది అనుమానం. సంఘమంతా అడిగితే అది ప్రేమ అవుతుంది. అందుకే మిమ్మల్ని కోరుతున్నాను. ఈ ఆదివారం మీ సంఘంలో ఎవరైనా నొప్పి పోయిందని చెబితే, వారితో కలిసి సంతోషించండి. కూడిక ముగిశాక వారి ఇంటికి వెళ్లండి, ఆస్పత్రికి తోడుగా బయలుదేరండి, ప్రార్థన దారిలో చేయండి. మైకు మీ చేతిలో ఉంటే, గాయం ఇంకా మాననివారికి కూడా ఇవ్వండి, వారు చెప్పింది పూర్తిగా వినండి.