మట్టికి పెట్టిన బొట్టు

మిత్రులకు సవినయంగా విన్నవించునది: జూలూరుపాడులో మా పెద్దమ్మ పెరటి బావిపై ఉన్న అభియోగం ఈ రోజు చాలావరకు వీగిపోయింది.

ఆ బావి అడుగు మట్టిని ల్యాబుకు పంపింది నేనే. అక్కడ మట్టిని న్యూట్రాన్ల తాకిడికి గురిచేసి, అది వెలువరించే గామా కిరణాలను బట్టి అందులోని మూలకాలను గుర్తిస్తారు. రిపోర్టులో పాదరసం కనిపించింది. వెంటనే బావికి మూత పడింది. తనతో మాటల్లేని తోటికోడలి ఇంటి నల్లా దగ్గరికి పెద్దమ్మ బిందె పట్టుకుని వెళ్లవలసి వచ్చింది.

ఈ రోజు విచారణ నిమిత్తం స్వయంగా వెళ్లాను.

“పెద్దమ్మా, పొట్లం కట్టేటప్పుడు మట్టిల ఏమన్న కలిసిందా?”

“ఏం కలుస్తదిరా? గంత దూరం పోతాందని గింత సింధూరం బొట్టు పెట్టిన. ఉత్తగ ఎట్ల సాగనంపుత?”

కొన్ని సింధూరాలలో పాదరసం ఉంటుంది. యంత్రం తన విధిని నిర్వర్తించింది.

“అయితే నా బావి మంచిదే! ఇగ దానింటి గడప తొక్క” అంటూ పెద్దమ్మ మూత తీయబోయింది. బొట్టు లేని మట్టిని మళ్లీ పంపేదాకా ఆగమన్నాను. అప్పుడే ఆమె నుదుటిపై రూపాయి బిళ్లంత సింధూరం నా దృష్టికి వచ్చింది.

కావున ఈసారి మట్టితోపాటు సింధూరం డబ్బాను కూడా పరీక్షకు పంపాలని తీర్మానించడమైనది. ఆ డబ్బాను ఆమె చేతిలోంచి తీసుకోగల ధైర్యవంతులు కామెంట్లలో తమ పేర్లు నమోదు చేసుకోగలరు.