సంతకం పెట్టిన పాచి

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను పాచి మొక్కల మీద పరిశోధన చేసేదాన్ని. మా సీమలో వానలు పడ్డ నాలుగు రోజులే వాటికి పచ్చదనం. ఆ నాలుగు రోజుల్లోనే వెతుక్కోవాలి.

బేతంచెర్ల దగ్గర వదిలేసిన నాపరాతి గనిలో, గోరంత ఎత్తు కూడా లేని గుబురు ఒకటి కనబడింది. కత్తితో గీకి పొట్లం కట్టుకుంటుంటే, పక్క గనిలో బండలు తీసే పెద్దాయన వచ్చి మందుకా అని అడిగాడు. కాదు, ఏ జాతో తేల్చి పేరు పెట్టాలన్నాను.

"పాచికి పేరేందమ్మా," అని నవ్వి, నీడగా ఉన్న ఇంకో మూల చూపించాడు.

మైక్రోస్కోపు కింద చూస్తే ప్రతి ఆకు కొసనా పొడవైన తెల్లటి వెంట్రుక ఉంది. మా ఊళ్ల గోడల మీద మామూలుగా పెరిగే పాచికి అది పొట్టిగా ఉంటుంది. మా గైడు చాలాసేపు చూసి, ఇది కొత్త జాతేనన్నారు. ఆ వారమంతా నాకు నేల మీద కాళ్లు నిలవలేదు.

కొంత పాచిని మూత ఉన్న గాజుగిన్నెలో తడిగా ఉంచి కిటికీలో పెట్టాను. ఆరు నెలలకు వచ్చిన కొత్త ఆకుల్లో వెంట్రుక కురచైపోయింది. ఎండకు ఓర్చుకోవడానికి పెంచుకున్న వెంట్రుకే గానీ అది జాతి గుర్తు కాదు. అనుమానం తీరక హైదరాబాదులో ఒక ల్యాబుకు డీఎన్‌ఏ పరీక్షకు పంపాను. వాళ్లు చదివిన జన్యుభాగాల్లో మామూలు పాచికీ దీనికీ ఒక్క అక్షరం కూడా తేడా లేదు.

రిపోర్టు తీసుకెళ్లి గైడుకు ఇచ్చాను. ఆయన పూర్తిగా చదివి మడతపెట్టారు.

"ఎవరికన్నా చెప్పినావా?"

"లేదు సార్."

"నీ థీసిసంతా దీనిమీదే నిలబడి ఉండాది. ఇది తీసేస్తే ఏం మిగుల్తాదో నువ్వే చెప్పు."

కొత్త జాతి అని ప్రకటిస్తూ రాసిన వ్యాసంలో, గని నుంచి తెచ్చి ఎండబెట్టిన మొక్కల కొలతలే ఇచ్చాం; గాజుగిన్నె సంగతీ, రిపోర్టు సంగతీ రాయలేదు. బొమ్మలు నేనే గీశాను. కొలతలు నేనే తీశానని ఆయన పేరు కింద నా సంతకం పెట్టాను. గాజుగిన్నెను కూడా నేనే కడిగేశాను.

డాక్టరేటు వచ్చింది, కడపలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. నాలుగేళ్ల తర్వాత వేరే రాష్ట్రం పరిశోధకుడు ఒకాయన, అది మామూలు పాచేనని ఒక్క వాక్యంలో రాసి మేం పెట్టిన పేరు కొట్టేశాడు. ఆ ఏడు జరిగిన సెమినారులో ఎవరో ఆ సంగతి ఎత్తితే, మా గైడు మైకు ముందుకు జరిగి, శిష్యురాలి కొలతలు నమ్మి మోసపోయానన్నారు. నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను. ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూశారు.

భోజనాల వేళ వరండాలో ఆయన్ను నిలిపాను.

"సార్, ఆ రిపోర్టు మీరు చదివినారు."

"చదివినా," అన్నారు నెమ్మదిగా. "సంతకం పెట్టింది నువ్వు కదమ్మా."

నన్ను దాటి భోజనాల వైపు వెళ్లిపోయారు. నేను తినకుండానే బస్సెక్కాను. ఆయన మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు. కానీ ఆ సంతకం నాదే. తర్వాతి ఏడు ప్రిన్సిపాల్‌ను అడిగి పాచి మొక్కల పాఠం ఇంకొకరికి ఇప్పించాను.