సబర్ బాబాయి నీళ్లు పారబోసిన రోజు

మా బాబాయి మసీదు వెనక గదిలో శవాలకు స్నానం చేయించేవాడు. వీధంతా ఆయన్ని సబర్ బాబాయి అనేది. కరెంటు పోయినా సబర్, కూరలో ఉప్పు లేకపోయినా సబర్. ఓర్చుకోమని చెప్పడానికి ఆయనకు ఆ ఒక్క మాట చాలు. "ఈయన సబర్‌తో నా ప్రాణం విసిగిపోయింది" అని పిన్ని ఎత్తిపొడిచేది. నాకైతే ఒళ్లు మండేది.

ఆయన కొడుకు, మా తమ్ముడు, బస్సుల షెడ్డులో మెకానిక్. తండ్రీకొడుకులు అన్నం ముందు కూర్చుంటే చాలు, దేశాన్నేలేవాడి మీద గొడవ.

"దుర్మార్గుడి మొహం మీద నిజం చెప్పడమే గొప్ప జిహాద్ అని ప్రవక్తే చెప్పారు కదా నాన్నా?"

"చెప్పారు. నువ్వూ చెప్పు, ఎవడొద్దన్నాడు? తిరగబడితే మాత్రం వాడొక్కడే పోడురా, వీధులకు వీధులు పోతాయి. పెద్దలు అందుకే ఓర్చుకోమన్నారు. పాపం చెయ్యమంటే చెయ్యకు, అంతవరకే."

"వాడు చంపుతుంటేనో?"

"తిరగబడ్డవాళ్లతో కూడా పాలకుడికి హద్దులున్నాయి. పారిపోయేవాణ్ని తరమకూడదు. పట్టుబడ్డవాణ్ని చంపకూడదు. ఎంత చెడ్డవాడైనా ఆ మాత్రం భయం ఉండదా?"

తమ్ముడు నవ్వేసి చెయ్యి కడుక్కునేవాడు.

ఆ వేసవిలో షెడ్డు నుంచి ఇద్దర్ని సైన్యం పట్టుకుపోయింది. వాళ్లను విడిపించాలని తమ్ముడు జనంతో కలిసి ఠాణా మీదికి వెళ్లాడు. మళ్లీ ఇంటికి రాలేదు. కొన్నాళ్లకు పొద్దున్నే ఒక లారీ వాడి శవాన్ని మసీదు దగ్గర దింపింది.

"కాల్పుల్లో పోయాడు" అన్నాడు లారీలో వచ్చిన సైన్యం ఆఫీసరు. "నెత్తురు కనపడకుండా శుభ్రంగా కడిగి మధ్యాహ్నంలోపు పూడ్చెయ్యండి."

"కడగొద్దు బాబాయ్, వాడు షహీద్" అన్నారు వాడి స్నేహితులు.

దుర్మార్గుడి చేతిలో ప్రాణం పోగొట్టుకున్న షహీద్‌కు మాలో స్నానం చేయించరు. ఒంటి మీది బట్టలతో, ఆ నెత్తురుతోనే సాగనంపుతారు. కడిగితే అందరిలాంటి చావు. కడక్కపోతే, చంపినవాడు దుర్మార్గుడని నలుగురిలో చెప్పినట్టే. అలా చెప్పినవాణ్ని వాళ్లు బతకనివ్వరు.

బాబాయి శవాన్ని గదిలో పెట్టించాడు. నన్ను లోపలికి పిలిచి తలుపు వేశాడు. బకెట్లో వేణ్నీళ్లకు చన్నీళ్లు తొలిపి, ముంజేతి మీద పోసుకుని చూశాడు. "వాడికి వేడి పడదు" అని ఇంకో చెంబు చల్లనీళ్లు కలిపాడు. నాకు ఏడుపు ఆగలేదు.

దుప్పటి తీశాడు. మణికట్లు రెండూ తాడు ఒరిసి చెక్కుకుపోయి ఉన్నాయి. తల వెనక ఒకే ఒక్క గాయం. కాల్పుల్లో పోలేదు వాడు. కట్టేసి చంపారు.

బాబాయి ఆ చేతులు పట్టుకుని పక్కన కూర్చున్నాడు. "పట్టుబడ్డవాణ్ని..." అన్నాడు. లేచి బకెట్ తూము దగ్గర వంచేశాడు. తలుపు తీసి, ఆఫీసరు కళ్లలోకి చూస్తూ చెప్పాడు.

"నా కొడుక్కి స్నానం లేదు."

రాయి పట్టలేదు, గొంతు పెంచలేదు. శవం ముందు చదివే జనాజా నమాజు తనే చదివించి, కొడుకుని నెత్తుటి చొక్కాతోనే మట్టిలో పెట్టాడు. సాయంత్రం వచ్చి ఆయన్ని పట్టుకుపోయారు. చెప్పులు కూడా వేసుకోనివ్వలేదు దుర్మార్గులు.

వానలు మొదలయ్యాక ఆయన్ని అదే గదికి తెచ్చారు. గుండెపోటు అన్నాడు అదే ఆఫీసరు. అప్పటికి ఆ పని నా చేతికొచ్చింది. దుప్పటి తీసి ముందు మణికట్లు చూశాను. పిన్ని కూడా చూసింది.

"నీళ్లు కాచావా?" అంది.

"కాచాను పిన్నీ."

"పారబొయ్యి."