మావాడికి నేను ఇప్పించిన స్థానం

చిల్కానగర్‌లో మా గల్లీ మొత్తానికి ఫుట్‌బాల్ గురించి ఏమీ తెలియనివాణ్ణి నేనే. ఆ ఆట మీద సలహాలు ఇచ్చేవాణ్ణి కూడా నేనే. ఇందులో వింతేమీ లేదు. మా దగ్గర తెలిసినవాడు తన పని తాను చేసుకుపోతాడు, తెలియనివాడు గోడెక్కి కూర్చుని చెబుతాడు.

రాష్ట్రం రావడానికి మూడు నాలుగేళ్ళ ముందు మాట ఇది. నేను ఒక సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును. ఉద్యోగుల సీనియారిటీ జాబితాలు తయారుచేయడం నా పని. ముందు ఒక ముసాయిదా గోడకు అతికిస్తాం. అభ్యంతరాలుంటే రాసివ్వమంటాం. ఎవడి పేరు ఎవడి కింద పడిందో చూసుకుని జనం పరుగెత్తుకొస్తారు. ఇరవై ఏళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నవాడికి లోకంలో రెండే జాతులు కనబడతాయి. పేరు పైనున్నవాడు, పేరు కిందికి పోయి అన్యాయమైనవాడు. గల్లీలో ఎవరి రేషన్ కార్డులో తప్పు పడినా, ఎవరి టెన్త్ మెమోలో ఇంటిపేరు తారుమారైనా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాసి సరిచేయించేవాణ్ణి. ఆ నాలుగు వాక్యాలు వచ్చినందుకే నాకు నడమంత్రపు సిరి వచ్చినంత పొగరు.

మా ఒక్కగానొక్క కొడుకు నాచారంలో ఒక హైస్కూల్లో పదో తరగతి చదివేవాడు. స్కూలు జట్టులో వాడు లెఫ్ట్ బ్యాక్. అంటే గోల్ కాసే గోలీకి కాస్త ముందు, ఎడమ పక్కన నిలబడి, బంతితో దూసుకొచ్చేవాణ్ణి ఆపేవాడు. ఈ సంగతి అప్పట్లో నాకు తెలియదు. వాడు ఏదో ఆడుతున్నాడని మాత్రం తెలుసు, బూట్ల బురద చూసి వాళ్ళమ్మ రోజూ తిట్టేది కాబట్టి.

ఒక ఆదివారం పొద్దున మొదటిసారి వాడి మ్యాచ్‌కు వెళ్ళాను. మైదానం ప్రహరీ మీద అప్పటికే తండ్రులు వరసగా కూర్చుని ఉన్నారు. క్రికెట్ తప్ప భూమ్మీద ఇంకో ఆట ఉందని నమ్మని జనం. మా గల్లీ క్రికెట్లో బ్యాటు ఎవడిదైతే వాడే ముందు ఆడతాడు, అడిగే దిక్కులేనివాడు మోరీలో పడ్డ బంతి తీసుకొస్తాడు. ఆ న్యాయాన్నే మేం ఫుట్‌బాల్‌కూ పట్టించాం. ముందుండి గోల్ కొట్టేవాడు దొరబిడ్డ, వెనక నిలబడేవాడు జీతగాడు. బొద్దుగా ఉన్న పిల్లవాడు గోలీ. ఇంతకుమించి మాకు ఆట తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

మా గల్లీ చివర టైల్స్ దుకాణం ఆయన కొడుకు ఆ జట్టులో ఫార్వర్డ్. బంతి కాలికి తగిలిందంటే చాలు, కళ్ళు మూసుకుని తంతాడు. అది మైదానం దాటి రోడ్డు మీద షేర్ ఆటోల కింద పడుతుంది. వాళ్ళ నాన్న ప్రతిసారీ లేచి చప్పట్లు కొట్టేవాడు. ఏమీ లేని ఆకు ఎగిరెగిరి పడుతుందన్న సామెత ఆయన్ను చూసే పుట్టి ఉండాలి. నేను ఆయన్ను చూసి నవ్వుకుంటుండగా ఆయన మావాణ్ణి చూసి నవ్వాడు.

"ఏం సారూ, మీ పిలగాన్ని ఆడ కాపలా పెట్టిన్రా?"

మావాడు నడుం మీద చేతులు పెట్టుకుని వెనకెక్కడో ఒంటరిగా నిలబడి ఉన్నాడు. నా ముఖం మాడిపోయింది. ఆ తర్వాత వాడి దగ్గరికి బంతి ఎన్నిసార్లు వచ్చిందో, వాడు ఎన్నిసార్లు ఆపాడో నేను చూడలేదు. నా కొడుకు పేరు కిందికి పోయింది. నా కళ్ళకు అదొక్కటే కనబడింది.

మ్యాచ్ అయ్యాక స్కూల్లో ఆటలు నేర్పే పీఈటీ సారును నిలదీశాను. ఆయన నల్లగా, సన్నగా, మెడలో విజిల్‌తో, మాటకు ముందొక నవ్వుతో ఉండే మనిషి.

"మీవాడు లెఫ్ట్ బ్యాక్‌గానే పుట్టాడండీ," అన్నాడు. "ఎడమకాలి వాటం. తొందరపడి మీద పడడు. అవతలివాడు బంతిని కాస్త ముందుకు తోసేదాకా ఓపిగ్గా ఆగుతాడు. అది నేను నేర్పింది కాదు. ఇలాంటి కుర్రాడు నాకు ఇన్నాళ్ళకి ఒక్కడు దొరికాడు."

ఆ మాటల్లో నాకు వినబడింది ఆయన యాస ఒక్కటే. గోదావరి వైపు మనిషి. రోజులు అలాంటివి. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ధర్నాలు, వారం తిరక్కుండా బంద్‌లు. మా ఆఫీసులో ఏ కుర్చీలో ఏ జిల్లావాడు కూర్చున్నాడో జాబితా రాసింది నేనే. ఆ జాబితాలో అన్యాయం నిజంగానే ఉండేది, ఆ మాట ఇప్పటికీ అంటాను. కానీ ఆ జాబితాను తీసుకొచ్చి పదకొండు మంది పిల్లల ఆట మీద పరిచిన తెలివి మాత్రం పూర్తిగా నాది. మా పిల్లవాణ్ణి కావాలనే వెనక్కి నెట్టాడని అక్కడే తీర్పు చెప్పేసుకున్నాను.

ఆ సాయంత్రం కొడుకుతో, "రేపటిసంది నువ్వు ఫార్వర్డ్ ఆడాలె," అన్నాను.

"వద్దు నాన్నా. నాకు ఎనకనే మంచిగుంటది. ఆడికెల్లి ఆట మొత్తం కనబడ్తది. వచ్చెటోడు ఎటు తిరుగుతడో నాకు ముందుగాలనే తెలుస్తది."

పదిహేనేళ్ళ పిల్లవాడు తనకేం చేతనవునో ఇంత స్పష్టంగా చెప్పడం నేను మా ఆఫీసులో రిటైరయ్యేవాళ్ళ నోట కూడా వినలేదు. "నోర్మూస్కో, నీకేం తెలుసు," అన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి, "పోరని ఆట గూడ మీ ఆఫీసు ఫైలేనా?" అంది. ఆమెకూ అదే జవాబు చెప్పాను.

మర్నాడు హెడ్మాస్టరుకు దరఖాస్తు ఇచ్చాను. ఆయన కాగితమంటే పామును చూసినట్టు భయపడే మనిషి. రెండు రోజుల్లో మావాడు ఫార్వర్డ్ అయ్యాడు. టైల్స్ దుకాణం ఆయన కొడుకు వింగ్ మీదికి, అంటే పక్క గీత వైపుకి, జరిగాడు. పీఈటీ సారు మాత్రం, "మీ బిడ్డ, మీ ఇష్టమండీ," అని విజిల్ తిప్పుకుంటూ పోయాడు. గెలిచాననుకున్నాను. ప్రహరీ మీద ఆ ఆదివారం నేను కూర్చున్న తీరు చూస్తే నాకే ఏదో ప్రమోషన్ వచ్చిందనుకోవాలి.

మూడు మ్యాచ్‌లు ఆడాడు. ఒక్క గోల్ లేదు. బంతి వస్తే ఎవరికైనా ఇచ్చేసి వెనక్కి చూసేవాడు. స్కూటరు మీద ఇంటికి వస్తూ దారి పొడవునా వాడికి గోల్ ఎలా కొట్టాలో చెప్పేవాణ్ణి. నేను జన్మలో బంతి తన్నిన పాపాన పోలేదు. వాడు వెనక కూర్చుని వినేవాడు, ఎదురు చెప్పేవాడు కాదు.

ఆ చలికాలంలో జిల్లా జట్టుకు ఎంపికలు వచ్చాయి. పదో తరగతి కాబట్టి స్కూలు పిల్లవాడిగా వాడికి అదే ఆఖరి అవకాశం. వాడికి ఆ జిల్లా జెర్సీ ఎంత కావాలో నాకు తెలుసు. నెల రోజులుగా నాలుగున్నరకే లేచి రామంతాపూర్ చెరువు దాకా పరుగెత్తి వచ్చేవాడు. ఫారంలో 'ఫార్వర్డ్' అని నేనే పెద్దక్షరాలతో నింపాను.

ఉప్పల్ అవతల ఒక మైదానం. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లల్ని కలిపి జట్లు చేసి, ఛాతీకి నంబరు కాగితాలు పిన్ను పెట్టి ఆడించారు. మావాడి జట్టు వెనక భాగం బొత్తిగా ఖాళీ. అవతలి పిల్లవాడొకడు బాణంలా దూసుకొస్తుంటే మావాడు ముందు నుంచి అంత దూరమూ వెనక్కి ఉరికాడు. పక్కపక్కనే పరుగెత్తాడు. ఆ పిల్లవాడు బంతిని ఒక్క అడుగు ముందుకు తోయగానే ఎడమకాలితో నెమ్మదిగా, మనిషికి తగలకుండా, తీసేసుకున్నాడు. అలా మూడుసార్లు. షెడ్డు కింద కూర్చున్న ముసలి సెలెక్టరు టోపీ వెనక్కి తోసుకుని ముందుకు వంగాడు. నేను మాత్రం నాకొక్కడికే వినబడేలా తిట్టుకుంటున్నాను, ముందుకు పోరా అంటే వెనక్కి పోతాడేమిటని.

మధ్యాహ్నం జాబితా గోడకు అతికించారు. ఫార్వర్డ్‌లలో మావాడి నంబరు లేదు. బ్యాక్‌లలో ఉంది. రెండో పేరు. తీసుకునేది నలుగురిని.

ఇంకే తండ్రయినా ఎగిరి గంతేసేవాడు. నాకు అందులో పొరపాటు కనబడింది. ఫారంలో ఒకటుంటే జాబితాలో ఇంకొకటి పడింది. సంచిలోంచి తెల్లకాగితం, పెన్ను తీశాను. స్కూటరు సీటు మీద పెట్టి 'విషయం' అని రాసి కింద గీత కూడా గీశాను.

మావాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. నెలల తర్వాత వాడి ముఖంలో నవ్వు చూశాను. "నాన్నా, వచ్చింది! సెకండ్ నేనే!"

"ఆగు. తప్పు పడ్డది. సరిచేపిస్త."

వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు నాన్నా, నీ కాళ్ళు మొక్కుత. గట్లనే ఉండనియ్యి."

అంతలో పీఈటీ సారు వచ్చాడు. నా చేతిలో కాగితం చూసి ఆయన ముఖం పాలిపోయింది. "సార్, అలా వదిలేయండి బాబూ. దండం పెడతాను. మీవాడు జిల్లా జట్టుకి వెళ్ళినట్టే."

చూశావా, చివరిదాకా మా పిల్లవాణ్ణి వెనకే ఉంచాలని ఎంత పట్టుదలో అనుకున్నాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్న మూర్ఖుడికి కూడా కుందేలు చేతిలో ఉంటుంది, నాకు అదీ లేదు. కొడుకు చెయ్యి విదిలించుకుని షెడ్డులోకి పోయాను.

ముసలి సెలెక్టరు కాగితం రెండుసార్లు చదివాడు. "పిల్లగాడు ఫార్వర్డేనా? మేం బ్యాక్ అనుకున్నం."

"రికార్డు ప్రకారం ఫార్వర్డే సార్."

"జర సోచాయించి చెప్పున్రి."

"సంతకం పెట్టిన గద సార్."

ఆయన తన దగ్గరున్న జాబితా ప్రతిని ముందుకు లాక్కున్నాడు. ఎర్ర పెన్నుతో రెండో పేరు కొట్టేశాడు. ఫార్వర్డ్‌ల కింద చివర రాశాడు. అప్పటికి పైన ఎనిమిది మంది ఉన్నారు. అక్కడ తీసుకునేది కూడా నలుగురినే. ఈ లెక్క నాకు షెడ్డులోంచి బయటికి వచ్చాక అర్థమైంది. నంబర్లతోనే బతికినవాణ్ణి నేను.

మళ్ళీ లోపలికి పరుగెత్తాను. అప్పటికే పీఈటీ సారు ఆ ముసలాయన ముందు చేతులు కట్టుకుని నిలబడి బతిమాలుతున్నాడు, తన కొడుకు కోసం బతిమాలినట్టు. సెలెక్టరు ఆయనకు నా కాగితమే చూపించాడు. ఖాళీ అయిన చోట అన్నోజిగూడ నుంచి వచ్చిన పిల్లవాడి పేరు రాసేశారు. ఆ పిల్లవాడి తండ్రి అప్పటికే ఫోనులో ఊరందరికీ చెబుతున్నాడు. నాకు ఆ సారు వైపు చూడటానికి ముఖం చెల్లలేదు.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ గడపలో నిలబడి ఉంది. నేను స్కూటరు స్టాండు వేసే నెపంతో బయటే ఆగిపోయాను.

"ఏమైంది బిడ్డా?" అంది.

"రాలేదమ్మా," అన్నాడు వాడు, బూట్లు విప్పుకుంటూ. "ఇయ్యాల నేను మంచిగ ఆడలే."

ఆమె వాడి తల నిమిరి, పోనీలే అంది. నా కొడుకు తల పైకెత్తలేదు, నా వైపు చూడలేదు. ఒక్క మాట చెప్పాల్సింది నేను. తప్పు నాదని, వీడు అక్కడున్న అందరికంటే బాగా ఆడాడని. ఊరందరి తప్పులూ దిద్దిన నోరు అది. చేతులు కడుక్కుని, పీట వాల్చుకుని, ఆమె వడ్డించిన అన్నం తిన్నాను.