వరుసలో మూడున్నరో స్థానం

హుస్సేనీ ఆలంలో మేము అద్దెకున్న ఇంట్లో నలభై కాపురాలకు ఒకటే కుళాయి. సరే, నలభై కాదు, ఆరు. బిందెలు చూస్తే మాత్రం నలభై అనిపించేది. నీళ్ళు మూడు కాపురాలకు అంది, ఆ పైన సన్నగిల్లి ఆగిపోయేవి. అందుకని ఇంటి యజమాని చాచా పొద్దున్నే అందరి తాళంచెవులూ తన టోపీలో వేసి, కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే తీసేవాడు. అదే ఆ రోజు వరుస.

మా తాళంచెవికి అడుగున పడుకునే అలవాటు. ఇంతలో రాజమండ్రి నుంచి అత్తగారు దిగుతున్నారన్న కబురు. ఆవిడ రోజుకు వంద చెంబులు పోసుకునే మనిషి. పాతిక అనుకోండి. "అమ్మ తలంటుకోకుండా ఉండదండీ, ఏం చేస్తారో మరి," అంది మా ఆవిడ.

గణాంకాల శాఖ నా మీదే నడుస్తోందని వాడలో చెప్పుకున్నాను. నిజానికి నా పని కూడికలు సరిచూడడం. ఆ ధైర్యంతోనే చాచాకు ఉపన్యాసమిచ్చాను: ఒకటి నుంచి ఆరు దాకా కూడి ఆరుతో భాగిస్తే మూడున్నర, ఏ ఇంటికైనా సగటున రావలసిన స్థానం అదే, మాకది దక్కడం లేదు. చాచా గడ్డం దువ్వుకున్నాడు.

"సచ్ బాత్, సార్. మీ హక్కు మీకిస్త. ఇగ మీ చావి టోపీల వెయ్యకుండ్రి. రోజూ మూడో ఇంటికి, నాలుగో ఇంటికి నడుమ నిలబడుండ్రి."

గెలిచాననుకున్నాను. మూడో ఇంటివాళ్ళు పట్టుకుని పోగానే కుళాయి దగ్గడం మొదలుపెట్టేది. మాకు రోజూ సగం నీళ్ళు, లెక్క తప్పకుండా.

అత్తగారు వచ్చిన మర్నాడే తలంటుకున్నారు. కుంకుడు రసం ఒకవైపు వదిలేసరికి నీళ్ళయిపోయాయి. ఆవిడ నాతో నేరుగా మాట్లాడరు. తలుపు చాటు నుంచి కూతురితో అన్నారు: "మిగతా సగం తలని ఎవరింటికి పట్టుకెళ్ళమంటారో మీ ఆయన్ని అడగవే."

సగటు అంటే ఏమిటో తలుపుకు వివరించాను. టోపీలోనైనా చివరికి అంతే నీళ్ళొస్తాయని, కాకపోతే ఒకరోజు నిండుగా, ఒకరోజు అసలు లేకుండా వస్తాయని చెప్పాను. ఆవిడ తలకు తువ్వాలు చుట్టుకుని, తాళంచెవి తీసుకుని తిన్నగా చాచా దగ్గరికి వెళ్ళారు.

"నాకు రోజూ సగం తల వద్దు బాబూ. వస్తే నిండుగా రానీ, లేకపోతే మానేయనీ."

మర్నాడు టోపీలోంచి మాది ఆరోదిగా వచ్చింది. ఆ మర్నాడు అయిదోది. నాలుగు రోజులకని వచ్చిన మనిషి, తలంటుకోకుండా రైలెక్కనన్నారు. మాది మొదట వచ్చిన రోజున వాడంతా బ్యాండు మేళం పెట్టిందని చెబుతుంటాను. మేళం లేదు, నేనొక్కణ్ణే చప్పట్లు కొట్టాను. ఆవిడ పెట్టె నేనే సర్ది గుమ్మంలో పెట్టాను.

అత్తగారు ఎండలో జుట్టు ఆరబెట్టుకుంటూ కూతురితో అన్నారు: "ఈ టోపీ ఆట బావుందే. ఇంకొక్కసారి మొదట రానీ, వెళ్తాను."