నాలుగుకు పది తక్కువ

మగవాళ్ళ వాచీ ఎందుకు కట్టుకుంటావని అడిగిన వాళ్ళందరికీ నేనొకటే చెబుతాను. ఆడవాళ్ళ వాచీలో టైం చూడాలంటే పక్కన ఇంకొకరి కళ్ళద్దాలు అప్పు తీసుకోవాలి, నాకంత ఓపిక లేదు.

నా దగ్గర పదకొండు వాచీలున్నాయి. ఒక్కదానిలోనూ సెల్లు లేదు. తొమ్మిది పాతవి, పొద్దున పాలు పొంగేలోపు కీ ఇవ్వాల్సినవి. రెండు కొత్తవి, చెయ్యి కదులుతూ ఉంటే వాటంతటవే కీ తిప్పుకునే ఆటోమేటిక్‌లు. నేను చేతులు ఊపకుండా మాట్లాడలేను కాబట్టి ఆ రెండూ ఈ జన్మకు ఆగవని మా ఆయన అంటాడు. నిజమే, ఆగలేదు.

ఈ పిచ్చి నాకు అంటించింది ధర్మవరంలో ఉండే మా బావ, అంటే మా అక్క మొగుడు. పట్టుచీరల అంగడి ఆయనది. ఖాళీ చీర డబ్బాల్లో వాచీలు వరసగా పేర్చి పెట్టుకుంటాడు. ఆ డబ్బాల మీద దుమ్ము తుడిచేది మా అక్క. లోపలివి ముట్టుకునే హక్కు మాత్రం ఆమెకు లేదు. ఎవరైనా పాత వాచీ తెస్తే బావ కంటికి భూతద్దం బిగించుకుని తీర్పు చెబుతాడు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. నేను తప్ప ఎవరూ చేసేవాళ్ళు కాదు.

నేను హిందూపురం నుంచి రోజూ బస్సులో పెనుకొండ వెళ్ళి కాలేజీలో కామర్స్ చెబుతాను. అక్కడ బస్సు దిగే చోట ఒక వాచీ రిపేరు అంగడి ఉంది. అద్దాల పెట్టె పడమటి వైపు తిరిగి ఉంటుంది. అందులో ఒక పాత వాచీ ఏళ్ళ తరబడి ఆగిపోయి ఉండేది, నాలుగుకు పది తక్కువ దగ్గర. సాయంత్రం బస్సు కోసం నిలబడిన ప్రతిసారీ దాన్ని చూసేదాన్ని. ఎండ నేరుగా దాని ముఖం మీదే పడేది.

"అది ఇయ్యనమ్మా, అంగడికి బోర్డు మాదిరి అది" అనేవాడు ఆ అంగడి భాయ్. ఆయనతో రెండేళ్ళు వాదించాను. చివరికి వాదన గెలిచింది నేను కాదు, సెల్‌ఫోన్ కవర్లు. అవి పెట్టుకోవడానికి చోటు కావాలని ఆయన అద్దాల పెట్టె తీసేశాడు. "తీసుకోమ్మా, నీ పోరు పడలేక ఇస్తాండా" అన్నాడు. శుభ్రం చేసి, నూనె పెట్టి నడిపించాడు. డయలు తేనె రంగుకు తిరిగి ఉంది. "బొంబాయికి పంపితే కొత్త రంగేసి తెల్లగా చేస్తారు, పంపేదా?" అని అడిగాడు. వద్దన్నాను. ముసలితనానికి సున్నం కొట్టడం నాకు నచ్చదు.

ఆ ఆదివారమే ధర్మవరం వెళ్ళాను. ఎడమ చేతికి ఈ పాతది, కుడి చేతికి నా స్టీలు ఆటోమేటిక్. ఆ ఆటోమేటిక్ మీద బావకు ఎప్పటి నుంచో కన్ను.

భోజనాలయ్యాక భూతద్దం బయటికొచ్చింది. బావ ఎంతోసేపు చూడలేదు.

"బొంబాయి రంగు మరదలా. ఈ మోడలు తేనె రంగులో రానే లేదు. నా దగ్గర ఇదే ఉండాది, పాల మాదిరి తెల్లగా."

"ఇదీ తెల్లదే బావా. ఎండకు ఇట్లయింది."

"ఎండకా? ఈడ చూడు, రెండు తెల్ల గీతలు. పైన ఏసిన రంగు సరిగా అంటలేదు, కింద పాతది కనపడతాంది. నిన్ను ఆ సాయిబు బాగా మోసం చేసినాడు."

భాయ్‌ని అనడంతో నాకు ఒళ్ళు మండింది. ఒళ్ళు మండితే నా నోరు నన్నడగదు.

"రంగేసిందని తేలితే ఈ ఆటోమేటిక్ నీది. తేలకపోతే నీ తెల్లది నాది."

"అక్క సాక్షి" అన్నాడు బావ, ఆటోమేటిక్ అప్పుడే తన చేతికొచ్చినట్టు.

అన్నాక భయమేసింది. ఆ ఆటోమేటిక్ నా జీతంతో, ఎవరినీ అడగకుండా కొనుక్కున్న మొదటి వస్తువు. పాత వాచీ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. గీతలు నిజంగానే ఉన్నాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పొడుగుది పది అంకె మీదికి, పొట్టిది నాలుగుకు కాస్త ఇవతలికి.

అప్పుడు బస్టాండు కళ్ళ ముందు నిలబడింది.

"బావా, నీ అంగట్లో అద్దం ముందర బొమ్మకు కట్టిన చీర విప్పితే ఎట్లుంటాది?"

"ఎట్లుంటాది, పైన ఎండకు రంగు మారుంటాది, మడత లోపల మారదు. దానికీ దీనికీ ఏం సంబంధం?"

కీ బయటికి లాగి ముళ్ళు మెల్లగా తిప్పాను. నాలుగుకు పది తక్కువ. పెద్ద ముల్లు పొడుగు గీత మీద, చిన్న ముల్లు పొట్టి గీత మీద పడుకున్నాయి. గీతలు మాయమయ్యాయి. వాచీ ఆయన చేతిలో పెట్టాను.

"ఇన్నేండ్లు ముళ్ళు ఈడనే నిలబడినాయి. వాటి కింద ఎండ పడలేదు. మడత లోపల రంగు మారదని నువ్వే చెప్పినావు."

బావ ముళ్ళు జరిపి చూశాడు, మళ్ళీ వెనక్కి తిప్పి చూశాడు. మూడోసారి కూడా చూశాడు.

"నువ్వు కాలేజీలో చెప్పేది కామర్సా, లా నా?" అని లేచి వెళ్ళి తెల్లది తెచ్చాడు.

ఈసారి భూతద్దం నేను పెట్టుకున్నాను. నా దాంట్లో ఆరు అంకె కింద కంపెనీ అచ్చేసిన, చీమ కాళ్ళలాంటి సన్నటి అక్షరాలున్నాయి. ఆయన దాంట్లో ఆ చోట ఖాళీ. మధ్యలో ముళ్ళు గుచ్చిన రంధ్రం అంచున తెల్ల రంగు మందంగా పేరుకుంది, దాని కింద పసుపు.

"నాకొద్దు బావా. నాకు బొంబాయి రంగు సరిపడదు."

ఆయన భూతద్దం లాక్కుని చూశాడు. తీసి జేబులో వేసుకున్నాడు. ఆ తీర్పు నాకు పదకొండు వాచీల కన్నా విలువైనది.

"నీకొద్దంటే నాకియ్యి" అంది అక్క. "ముప్పై ఏండ్లుగా డబ్బాలు తుడుస్తాండా. రంగు ఎవరేసినా టైం చెప్తాది గదా."

బావ వైపు చూడకుండా తెల్ల వాచీ తీసుకుని గాజుల పైన కట్టుకుంది. బెల్టు వదులైతే మేకుతో ఇంకో కన్నం నేనే పొడిచాను.

నేను బయల్దేరుతుంటే బావ కుర్చీలోంచే అడిగాడు, రైలుకు టైమెంతుందని. నేను నోరు తెరిచేలోపే అక్క చెయ్యి ఎత్తి చూసుకుంది.