పంజగుట్ట చౌరస్తాలో లండన్ నీడ

సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులు అమీర్‌పేట గోడల్ని కప్పేసిన రోజుల్లో, అక్కడి ఒక ఇన్‌స్టిట్యూట్‌లో నేను స్పోకెన్ ఇంగ్లీషు చెప్పేవాణ్ని. ఈ కంప్యూటర్ చదువుల మీద టీవీ డాక్యుమెంటరీ తీయడానికి లండన్ నుంచి ఒక కెమెరామన్ వస్తే, దుబాసీగా నన్ను పెట్టారు. ఆయన ఇంగ్లీషు మొదట్లో నాకు అర్థం కాలేదు. ఆ సంగతి మా విద్యార్థులకు చెప్పలేదు.

అరవై దాటిన మనిషి. బేగంపేట హోటల్ నుంచి ఆటోలో వస్తూ తన కథ చెప్పేవారు. కుర్రతనంలో స్టూడియోలో కెమెరాలు మోశారు, ఆ తర్వాత సినిమాలు తీశారు. మూడో సినిమా చూసిన నిర్మాత, హీరో ముఖం కనబడటం లేదన్నాడట. నీడలోనే మనిషి ముఖం బాగుంటుందని ఈయన వాదించారు. నాలుగో సినిమా రాలేదు. ఆ పైన ఏళ్ల తరబడి టీవీలో పోలీసు సీరియళ్లు తీశారు.

"హంతకుడి ముఖం కనబడకపోతే ఎవరూ ఏమీ అనరు," అన్నారు.

షూటింగ్ అయిపోయాక, అడ్మిషన్ల ఫ్లెక్సీకి తన ఫొటో ఒకటి తీసిపెట్టమని మా ఓనర్ నాచేత అడిగించాడు. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. ట్యూబులైట్లన్నీ ఆర్పించి, ఓనర్‌ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఇవతల నల్లగుడ్డ కట్టించి పూటంతా తీశారు. సగం ముఖం వెలుగు, సగం చీకటి. అంత గంభీరంగా మా ఓనర్‌ను నేనెప్పుడూ చూడలేదు.

ఫ్లెక్సీ పంజగుట్ట చౌరస్తాలో కట్టారు. మర్నాడు పొద్దున్నే శ్రీనగర్ కాలనీలో ఓనర్ ఇంటికి చుట్టాలు పరామర్శకు వచ్చారు. పాత విద్యార్థులు పూలదండ తెచ్చారు. తలుపు తీసింది ఓనరే.

ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి నన్ను పక్కకు పిలిచాడు.

"సార్, నేను సచ్చిపోయిన అనుకుంటున్నరు. లైట్లన్నీ ఏసి తియ్యమని గా సార్‌కు జర చెప్పుండ్రి."

మెత్తటి మాటల కోసం వెతికాను, దొరకలేదు. కెమెరామన్‌కు ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన ముఖం ఎర్రబడింది. పాత వాదన మొదలవుతుందని భయపడ్డాను. కాసేపటికి, దండ సంగతి ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పాను. నవ్వాపుకోలేక మెట్ల మీద కూలబడ్డారు. లేచి, లైట్లన్నీ వేయించి, చెవులు రెండూ కనబడేలా తీశారు. ఓనర్ తృప్తిపడి ఆయనకు బిర్యానీ తినిపించాడు.

ఎయిర్‌పోర్టు దాకా నేనే వెళ్లాను. ఏ ఫొటో బాగుందని అడిగారు. మొదటిదే అన్నాను. అది నిజమే. తలూపి లోపలికి వెళ్లిపోయారు.

అడ్మిషన్లు మాత్రం రెండో ఫొటోకే వచ్చాయి.